వెచ్చదనం మీద ఇఖ్తియార్ ఎవరిది?



ఈసారి ఒక చిన్న వస్తువు గురించి రాస్తున్నాను. గోడకు ఉండే తెల్ల డబ్బీ గురించి. మన ఒంగోల్లో, గుంటూర్లో, కర్నూల్లో దాని జరూరత్ లేదు కాబట్టి చాలామంది చూసి ఉండరు. కానీ మీ బేటానో బేటీనో ఇంగ్లాండ్‌లో ఉండి, మీరు ఆరు నెలల విజిట్ వీసా మీద వాళ్ల దగ్గరికి పోయే ఇరాదాలో ఉంటే, లేదా నాలాగా ఇక్కడే ఇల్లు పెట్టుకుని అమ్మీనో సాస్‌నో పిలిపించుకునేవాళ్లయితే, ఈ డబ్బీతో మీకు వాస్తా పడుతుంది. దాని పేరు థర్మోస్టాట్. ఇల్లు వెచ్చగా ఉండాలా చల్లగా ఉండాలా అని ఫైసలా చేసేది అదే.

నా రాయ్ ముందే చెప్పేస్తాను. పాడైపోయిన వైర్‌లెస్ థర్మోస్టాట్‌ను మార్చేటప్పుడు చాలా ఇళ్లలో అడిగే సవాల్ ఒకటే: "కొత్తగా వచ్చిందేది, ఫోన్‌లో నడిచేదేది?" నేను వేరే సవాల్ అడగమంటాను: "రోజంతా ఇంట్లో ఉండేది ఎవరు? వాళ్ల చేతికి అందేది ఏది?" ఇంటి వెచ్చదనం మీద ఇఖ్తియార్ ఆ ఇంట్లో కూర్చునే మనిషికి ఉండాలి. జీతం తెచ్చేవాళ్ల ఫోన్‌లో కాదు, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌లో అసలే కాదు.

తెలియనివాళ్ల కోసం ముందు సంగతి విడమర్చి చెప్తాను. ఇక్కడ చాలా ఇళ్లలో వంటింటి గోడకు గ్యాస్ బాయిలర్ ఒకటి ఉంటుంది. మన గీజర్‌కు పెద్దన్న అనుకోండి. అది నీళ్లు కాచి పైపుల్లో తిప్పుతుంది. ప్రతి కమ్రాలో గోడకు ఇనుప పలకల్లాంటి రేడియేటర్లు ఉంటాయి. ఆ వేడినీళ్లు వాటిలోంచి పోతుంటే గది వెచ్చబడుతుంది. థర్మోస్టాట్ పని చౌకీదార్ పని. గదిలో వేడి ఎంత ఉందో చూస్తుంది. మనం పెట్టిన అంకె కంటే తగ్గితే బాయిలర్‌ను వెలగమంటుంది, ఆ అంకెకు చేరితే ఆగమంటుంది.

ఈ పనికి అసలు కంప్యూటర్ అక్కర్లేదు. రెండు రకాల లోహాల పట్టీలు కలిపి అతికిస్తే, వేడికి ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. అందుకే పట్టీ వంగుతుంది. ఆ వంపుతోనే స్విచ్ పడేట్టు చేయొచ్చు. స్కాట్లాండ్ కెమిస్ట్ ఆండ్రూ యూర్ 1830లోనే ఈ ఉసూల్ మీద పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో హనీవెల్ కంపెనీ 1953లో గుండ్రని థర్మోస్టాట్ ఒకటి తెచ్చింది. గోడ మీద గుండ్రంగా ఉంటుంది, చేత్తో తిప్పాలి, అంతే. చదువు రానివాళ్లు కూడా వాడగలిగిన వస్తువు అది.

వైర్‌లెస్ రకంలో రెండు ముక్కలుంటాయి. ఒకటి గదిలో, రెండు చిన్న బ్యాటరీలతో నడుస్తుంది. రెండోది బాయిలర్ పక్కన. దాన్ని రిసీవర్ అంటారు. ఈ రెండూ రేడియోలో మాట్లాడుకుంటాయి. ఐరోపాలో చాలావాటికి 868 మెగాహెర్ట్జ్ దగ్గర జాగా ఇచ్చారు. గోడలు తవ్వకుండా, వైరు లాగకుండా పనైపోతుంది. అదే దాని ఫాయిదా. కానీ మాట చేరితేనే పని జరుగుతుంది. పాత ఇళ్ల మందపాటి ఇటుక గోడలు, లోపల రేకు అంటించిన ఇన్సులేషన్, పెద్ద అద్దం, ఇనుప బీరువా, ఫ్రిజ్, ఇవన్నీ ఆ సిగ్నల్‌ను మింగేస్తాయి. బ్యాటరీ నీరసించినా మాట సన్నగిల్లుతుంది. మాట అందకపోతే ఏం చేయాలన్నది ఒక్కో రకం ఒక్కోలా తయారై ఉంటుంది. చాలా రిసీవర్లు కొంతసేపు చూసి హీటింగ్ ఆపేస్తాయి. మంటను అలా వదిలేయడం ఖతర్నాక్ కాబట్టి ఆ ఇంతెజాం సరైనదే. కానీ లోపల ఉన్న మనిషికి ఆ సంగతి ఎవరు చెప్తారు?

మేము లెస్టర్‌లో ఉంటాం. వరసగా ఒకదానికొకటి అతుక్కుని ఉండే పాత ఎర్రిటుకల ఇళ్లలో మాది ఒకటి. మేము కొనేనాటికే అందులో వైర్‌లెస్ థర్మోస్టాట్ ఉంది. బాయిలర్ వెనకాల వంటింట్లో, డబ్బీ ముందు గదిలో. మధ్యలో రెండు దీవార్లు. కొన్నేళ్లు బాగానే నడిచింది. అమ్మీ వచ్చిన సర్దీలోనే దానికి తిక్క పుట్టింది.

పొద్దున ఎనిమిదికి మా ఆయన, నేను డ్యూటీకి పోతాం, పిల్లలు స్కూలుకి. సాయంత్రం నాలుగుదాకా ఇంట్లో అమ్మీ ఒక్కతే. నేను తిరిగొచ్చి రేడియేటర్ మీద చెయ్యి పెడితే మంచుగడ్డ. డబ్బీ మీద 14 అని చూపిస్తోంది, పక్కన మంట గుర్తు కూడా వెలుగుతోంది. అంటే అది హుకుం ఇస్తూనే ఉంది, బాయిలర్ దాకా ఆ హుకుం పోవడం లేదు. అమ్మీ స్వెటర్ మీద షాలు, షాలు మీద రజాయి కప్పుకుని సోఫా మూలన కూర్చుని ఉంది.

"సర్దీగా లేదా అమ్మీ?" అంటే, "నక్కో బేటీ, నాకేమైంది? రజాయి ఉంది కదా" అంది.

అలా ఒక రోజు కాదు. రిసీవర్‌కూ డబ్బీకీ మళ్లీ జోడీ కలిపితే మూడు రోజులు నడిచేది, నాలుగో రోజు మళ్లీ ఖామోష్. రెండు వారాల తర్వాత ఒంగోలు నుంచి మా ఆపా ఫోన్ చేసింది. "అమ్మీ ఎముకలు కొరుకుతున్నాయంటోంది. పగలంతా మీరు గ్యాస్ బంద్ చేస్తున్నారంట కదా, బిల్లు ఎక్కువ వస్తుందని. అల్లుడికి చెప్పొద్దు, పాపం వాళ్లకూ ఖర్చులుంటాయి అంది."

ఇది విని నాకు చేతులాడలేదు. యంత్రం చేసిన గల్తీని అమ్మీ మా పిసినారితనం అనుకుంది. అనుకుని, మా ఇజ్జత్ కాపాడటానికి చలిని భరించింది. ఇంట్లో ఒక డబ్బీ మాట తప్పితే ఇద్దరు మనుషుల మధ్య ఇంత ఫాసలా వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. అందుకే ఈ వ్యాసం. బ్యాటరీల గురించి రాయడానికే అయితే కలం పట్టేదాన్ని కాదు.

మన బుజుర్గుల తరహా మీకు తెలుసు. కొడుకింట్లో, కూతురింట్లో ఉన్నప్పుడు వాళ్లు మెహమాన్ లాగా మసలుతారు. చాయ్‌లో చక్కెర తక్కువైనా చెప్పరు. అలాంటి మనిషికి ఫోన్‌లో యాప్ పెట్టుకో, పాస్‌వర్డ్ ఇది, ఇక్కడ నొక్కు, అక్కడ జరుపు అంటే ఏం జరుగుతుంది? "నాకెందుకులే బేటా, మీరే చూసుకోండి" అంటారు. ఆ తర్వాత చలేస్తే డ్యూటీలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి "కొంచెం వేడి పెంచు బాబూ" అని అడగాలి. అడిగేవాళ్లు ఎందరు? తన ఒంటి వెచ్చదనం కోసం ఒకరి దగ్గర ఇజాజత్ తీసుకోవడం మన అమ్మీలకు, అబ్బాలకు ఎంత షరంగా ఉంటుందో ఆలోచించండి.

ఇది నజాకత్ సంగతి కాదు, సెహత్ సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇళ్ల గురించి ఇచ్చిన మార్గదర్శకాల్లో, చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలంది. వృద్ధులకు, చంటిపిల్లలకు, జబ్బున్నవాళ్లకు ఇంకొంచెం ఎక్కువ కావాల్సి రావచ్చని కూడా చెప్పింది. చల్లటి ఇంట్లో బీపీ పెరుగుతుంది, గుండెకు, ఊపిరితిత్తులకు తక్లీఫ్ అవుతుంది. జనవరిలో కూడా ఫ్యాను తిప్పుకునే ఊరి నుంచి వచ్చిన మనిషికి 14 డిగ్రీల గదిలో ఎనిమిది గంటలు కూర్చోవడం చిన్న విషయం కాదు.

సరే, తప్పు ఎక్కడుందో ఎలా పట్టుకున్నామో చెప్తాను, మీకూ పనికొస్తుంది. థర్మోస్టాట్ మార్చేముందు తప్పు దానిదేనా అని తెలుసుకోవాలి, లేకపోతే పైసలు దండగ.

మొదట కుళాయి తిప్పి చూడండి. కాంబీ బాయిలర్ అయితే కుళాయిలో వేడినీళ్లకు, గదిలో థర్మోస్టాట్‌కు సంబంధం లేదు. వుజూకి వేడినీళ్లు వస్తున్నాయి, రేడియేటర్లు మాత్రం చల్లగా ఉన్నాయి అంటే బాయిలర్ బతికే ఉంది, హీటింగ్ వైపు చూడాలి. తర్వాత బాయిలర్ మీద ప్రెషర్ ముల్లు చూడండి. చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. బయట గడ్డకట్టే చలి పడితే, బాయిలర్ నుంచి బయటికి పోయే సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు గడ్డకట్టి కూడా బాయిలర్ ఆగిపోతుంది. అప్పుడు గొట్టం మీద గోరువెచ్చని నీళ్లు పోయాలి, మరిగేవి వద్దు. ఆ నేరాన్ని థర్మోస్టాట్ మీద వేయకండి.

ఇవన్నీ బాగుంటే, బ్యాటరీలు కొత్తవి వేయండి. ఛార్జింగ్ బ్యాటరీలు వద్దు. వాటి వోల్టేజీ 1.2, మామూలువాటిది 1.5. చాలా డబ్బీలకు ఆ తేడా పడదు. తర్వాత రిసీవర్ మీద చేత్తో వేసే బటన్ ఉంటే నొక్కండి. బాయిలర్ వెలిగిందంటే బాయిలర్, రిసీవర్ రెండూ సరిగానే ఉన్నాయి, మాట చేరడం దగ్గరే లోపం. చివరగా డబ్బీని తీసుకెళ్లి బాయిలర్ దగ్గర పెట్టి చూడండి. అక్కడ నడిచి, ముందు గదిలో నడవకపోతే సిగ్నల్ సంగతి. మా ఇంట్లో మొదట అలాగే అయింది. కొన్నాళ్లకు బాయిలర్ పక్కన పెట్టినా పలకలేదు. దాని ఉమర్ అయిపోయింది.

ఇక మష్వరాలు మొదలయ్యాయి. మా దేవర్ ఐటీలో ఉన్నాడు. "భాభీ, స్మార్ట్‌ది పెట్టించండి. ఆఫీసులోంచే వేడి పెంచొచ్చు, మేము ఇంట్లో లేమని దానికే తెలుస్తుంది, గ్యాస్ బచత్" అన్నాడు. పక్కింటి గుజరాతీ చాచా, అదే కంపెనీ అదే మోడల్ మళ్లీ తెచ్చి పెట్టుకోమన్నాడు. మూడో మాట హీటింగ్ కారీగర్‌ది. హాల్లో గోడ మీద ఏమీ లేని తెల్ల ప్లాస్టిక్ ప్లేట్ ఒకటుంది. మేము దాన్ని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఆయన ముందు కరెంటు బంద్ చేసి, దాని మరలు విప్పితే లోపల పాత వైరు కనబడింది. వైర్‌లెస్ రాకముందు అక్కడ తిప్పే థర్మోస్టాట్ ఉండేది. కొత్తది పెట్టినవాళ్లు వైరు తీయకుండా మూత పెట్టి వదిలేశారు. ఆయన టెస్ట్ చేసి చూశాడు, బాయిలర్ దాకా వైరు సలామత్‌గా ఉంది.

ఇలాంటి మూతలు ఇక్కడి పాత ఇళ్లలో తరచూ కనిపిస్తాయి. మీ ఇంట్లో కూడా ఉందేమో కారీగర్‌ను అడగండి. అది దొరికితే మీ సవాల్‌కు జవాబు గోడలోనే ఉన్నట్టు. మేము వైరు ఉన్న థర్మోస్టాట్ పెట్టించాం. మధ్యలో పెద్ద చక్రం, దాని చుట్టూ అంకెలు. వస్తువు ఖరీదు ఇరవై ముప్పై పౌండ్ల మధ్య. స్మార్ట్ రకానికి దాని కన్నా చాలా రెట్లు పెట్టాలి. టైమింగ్ కోసం బాయిలర్ దగ్గర వేరే టైమర్ ఉంది, దాన్ని అలాగే ఉంచాం.

దేవర్ మాటలో నిజం లేదని నేననను. పగలంతా ఇల్లు ఖాళీగా ఉండే కుటుంబాలకు స్మార్ట్ థర్మోస్టాట్ ఫాయిదానే. వేరే ఊళ్లో ఒంటరిగా ఉండే అబ్బా ఇంట్లో ఎంత వేడి ఉందో కొడుకు ఫోన్‌లో చూసుకుని, పడిపోతే పక్కింటివాళ్లకు కబురు చేయగలడు. ఇది చిన్న మేలు కాదు. పైగా 2018 ఏప్రిల్ నుంచి ఇంగ్లాండ్‌లో కొత్త కాంబీ బాయిలర్ పెట్టేటప్పుడు టైమ్, టెంపరేచర్ కంట్రోల్‌తో పాటు ఇంధనం ఆదా చేసే ఇంతెజాం ఇంకోటి ఉండాలన్న ఖాయిదా ఉంది. స్మార్ట్ కంట్రోల్ అందులో ఒక దారి. కాబట్టి బాయిలరే మారుస్తుంటే ఆ లెక్క వేరు, కారీగర్‌ను అడిగి ఫైసలా చేసుకోండి.

నా ఐతరాజ్ మాత్రం ఒక్కచోట. తాళంచెవి ఒక్క మనిషి ఫోన్‌లో ఉండకూడదు. 2018లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక రిపోర్ట్ రాసింది. ఇంట్లో ఉన్న ఔరత్‌లను సతాయించడానికి మొగుళ్లు, మాజీ మొగుళ్లు దూరం నుంచి థర్మోస్టాట్లు, లైట్లు, తాళాలు నడిపిస్తున్నారని అందులో ఉంది. ఉన్నట్టుండి వేడి పెరుగుతుంది, ఉన్నట్టుండి పడిపోతుంది, ఎవరు చేశారో లోపల ఉన్నదానికి తెలియదు. అది జుల్మ్ కోసం చేసినవాళ్ల సంగతి. మన ఇళ్లలో జుల్మ్ చేసే నీయత్ లేకపోవచ్చు. కానీ ఒకరు ఆఫీసులో కూర్చుని 17కు దించి, ఇంట్లో ఉన్నవాళ్లు ఎందుకు చల్లబడిందో తెలియక రజాయి కప్పుకుంటే, ఆ కమ్రాలో కూర్చున్న మనిషికి తేడా ఏముంది?

రెండో ఐతరాజ్, భరోసా సంగతి. గోడకు ఉన్న చక్రానికి మాలిక్ మీరే. యాప్‌కు మాలిక్ కంపెనీ. గూగుల్ తన నెస్ట్ లెర్నింగ్ థర్మోస్టాట్లలో మొదటి రెండు తరాలకు 2025 అక్టోబర్ 25తో సపోర్ట్ బంద్ చేసింది. 2014లో ఐరోపాలోకి వచ్చిన మోడల్ కూడా అందులో ఉంది. గోడ మీద చేత్తో తిప్పితే అవి ఇప్పటికీ నడుస్తాయి, ఫోన్ నుంచి మాత్రం నడవవు. డబ్బీ పాడవలేదు, బ్యాటరీ అయిపోలేదు, ఎక్కడో ఎవరో తారీఖు పెట్టారు. ఏ ఫోన్ సౌకర్యం చూసి జనం ఎక్కువ పైసలు పోసి కొన్నారో అదే పోయింది. చేత్తో తిప్పే గుండ్రని చక్రం మాత్రం మిగిలింది.

"మా ఇంట్లో పాత వైరు లేదు, గోడలు తవ్వే తాఖత్ లేదు" అనేవాళ్లుంటారు. సరే, వైర్‌లెసే తీసుకోండి. అది పాపమేమీ కాదు, మంచి కొత్త వైర్‌లెస్ ఏళ్ల తరబడి వఫాగా నడుస్తుంది. కొనేముందు మాత్రం నాలుగు సంగతులు అడగండి. ఇంటర్నెట్ పోయినా గోడ మీద చేత్తో వేడి పెంచొచ్చా? అంకెలు కళ్లద్దాలు లేకుండా కనబడేంత పెద్దగా ఉన్నాయా, చక్రమో స్పష్టమైన బటన్లో ఉన్నాయా? సిగ్నల్ తెగితే రిసీవర్ ఏం చేస్తుంది, తెగిందని డబ్బీ మీద చూపిస్తుందా? రిసీవర్ మీద చేత్తో వేసే బటన్ ఉందా? ఈ నాలుగింటికి హా అనే జవాబు లేని డబ్బీ ఎంత ఖూబ్‌సూరత్‌గా ఉన్నా బుజుర్గులున్న ఇంటికి తేకండి.

ఎక్కడ పెట్టాలన్నది కూడా చూడాలి. రేడియేటర్ పక్కన, ఎండ పడేచోట, పర్దా వెనకాల, పొయ్యి ఉన్న వంటింట్లో పెట్టొద్దు. అక్కడి వేడి చూసి ఇల్లంతా వెచ్చగానే ఉందని అనుకుని బాయిలర్‌ను ఆపేస్తుంది. నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తు బాగుంటుంది. కుర్చీలో తిరిగే మనిషి ఉంటే ఇంకా కిందికి దించండి. థర్మోస్టాట్ ఉన్న గదిలో రేడియేటర్‌కు విడిగా అంకెల మూత ఉంటే దాన్ని పూర్తిగా తెరిచి ఉంచండి, లేకపోతే రెండూ కొట్లాడుకుంటాయి. ఇంకో మాట, చలేస్తోందని చక్రాన్ని ఒకేసారి 30కి తిప్పితే గది తొందరగా వెచ్చబడదు. అదే వేగంతో వేడెక్కి, ఆగాల్సినచోట ఆగకుండా పోతుంది. ఇది అమ్మీకే కాదు, మా పిల్లలకూ నేర్పాల్సి వచ్చింది.

మన ఇళ్ల రోజువారీ లెక్క కూడా ఈ డబ్బీలు తయారుచేసినవాళ్లకు తెలియదు. పొద్దున ఏడింటికి లేచి ఎనిమిదికి పోయే ఇంటి కోసం వాటి టైమ్‌టేబుల్ రాసి ఉంటుంది. మా ఇంట్లో ఫజర్‌కు ఒకరు లేస్తారు, తర్వాత మళ్లీ పడుకుంటారు. 2026లో రంజాన్ ఫిబ్రవరిలో వచ్చింది, గట్టి సర్దీలో. సహరీకి నాలుగున్నరకే వంటింట్లో దీపం వెలగాలి. ఆ నెలకోసం ప్రోగ్రాం అంతా మార్చి, ఈద్ తర్వాత మళ్లీ మార్చడం ఎవరికి ఓపిక? చక్రమైతే లేచినవాళ్లు తిప్పుకుంటారు, పడుకునేవాళ్లు తగ్గిస్తారు.

కిరాయా ఇళ్లలో ఉండేవాళ్లకు ఒక మాట. ఇక్కడికి కొత్తగా వచ్చిన మనవాళ్లు చాలామంది కిరాయాదార్లే. థర్మోస్టాట్ పాడైతే మీ జేబులోంచి కొనకండి, మాలిక్‌ను అడగకుండా మార్చనూ వద్దు. ఇంగ్లాండ్‌లో 1985 నాటి లాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, గదులు వేడిచేసే ఏర్పాటును, నీళ్లు కాచే ఏర్పాటును మరమ్మత్తులో ఉంచే జిమ్మేదారీ మామూలు కిరాయా ఒప్పందాల్లో ఇంటి మాలిక్‌ది. గ్యాస్ సామానుకు ఏడాదికోసారి సేఫ్టీ చెకప్ చేయించాలని 1998 నాటి గ్యాస్ సేఫ్టీ నిబంధనలు చెప్తున్నాయి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకుండా తారీఖు వేసి రాసి పంపండి, చల్లటి గదిలో డబ్బీ చూపించే అంకెను ఫోటో తీసి జత చేయండి. "స్వెటర్ వేసుకోండి" అని జవాబు వస్తే సబర్ చేయడం ఫర్జ్ అనుకోవద్దు. మీ హక్ అడగడం బద్‌తమీజీ కాదు.

జాగ్రత్త సంగతి కూడా చెప్పాలి. బాయిలర్ దగ్గర వైర్లలో చాలాచోట్ల 230 వోల్టుల కరెంటు ఉంటుంది. కొన్ని బాయిలర్లకు థర్మోస్టాట్ తంతి తక్కువ వోల్టేజీది, దానిలో 230 కలిపితే బోర్డు కాలిపోతుంది. కాబట్టి వీడియో చూసి మనమే విప్పేద్దామనే షౌక్ వద్దు. బాయిలర్ మూత తీసి గ్యాస్ వైపు ముట్టుకోవాలంటే గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో పేరున్న మనిషే రావాలి, అది కానూన్. 2009 ఏప్రిల్‌లో పాత కోర్గీ స్థానంలో ఈ రిజిస్టర్ వచ్చింది. వచ్చినాయన కార్డు చూపించమని అడగండి, మంచి కారీగర్ బురా అనుకోడు.

ఇప్పుడు ఔలాద్‌కు ఒక విన్నపం. అమ్మీ అబ్బాను పిలిపించే ముందు టికెట్, ఇన్సూరెన్స్, స్వెటర్ అన్నీ చూస్తారు. దాంతోపాటు ఇంట్లో థర్మోస్టాట్ ఎవరి చేతిలో ఉందో చూడండి. వాళ్లు వచ్చిన మొదటి రోజే గోడ దగ్గరికి తీసుకెళ్లి వాళ్లచేతే తిప్పించండి. బాయిలర్ వెలిగిన చప్పుడు వినిపించండి. "ఇది 20 దగ్గర ఉండాలి, చలేస్తే పెంచుకో, మమ్మల్ని అడగొద్దు" అని బిల్లు కట్టే మనిషి నోటితోనే చెప్పించండి. అల్లుడు చెప్పాలి, కోడలు చెప్పాలి. ఆ మాట రాకపోతే చక్రం ఎంత దగ్గర ఉన్నా వాళ్ల చెయ్యి దాని మీదికి పోదు.

బుజుర్గులకూ అదబ్‌తో ఒక మాట. మీరు భరించడం మీ పిల్లలకు మదద్ కాదు. మీకు జ్వరమొచ్చి, దగ్గొచ్చి ఆసుపత్రికి పోవాల్సి వస్తే ఆ ఖర్చు, ఆ ఫికర్ గ్యాస్ బిల్లు కంటే పెద్దవి. గది చల్లగా ఉంటే నోరు తెరిచి చెప్పండి. మీరు చెప్పకపోతే డబ్బీ పాడైందని కూడా ఎవరికీ తెలియదు. దాన్ని బాగుచేయించే దారి మీ షికాయత్‌తోనే మొదలవుతుంది.